వాడుక చొప్పున

(ఒంగోలులో జరిగిన కుటుంబాల కూడికలో ఒక సంఘ పెద్ద ఇచ్చిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసిన పాఠం.)

అందరికీ ప్రభువు నామంలో వందనాలు. వెనకాల నిలబడ్డవాళ్ళు ముందుకు రండి, చాపలు ఖాళీగానే ఉన్నాయి. చంటిబిడ్డల తల్లులు గుమ్మం వైపు కూర్చోండమ్మా, గాలి వస్తుంది.

నేను పాస్టరును కాను, మీ అందరికీ తెలుసు. 32 ఏళ్ళు ఆర్టీసీలో బస్సు నడిపాను. పాస్టరు అయ్యగారు పోయిన వారం ఫోన్ చేసి, విధేయత గురించి చెప్పాలి, అది కుటుంబాలకి పనికొచ్చేలా ఉండాలి అన్నారు. వారం రోజులు దాని మీదే ఉన్నాను. చివరికి ఒక్క మాట పట్టుకుని వచ్చాను. ఆ మాట బైబిల్లోనే ఉంది. లూకా సువార్త 4వ అధ్యాయం, 16వ వచనం తీయండి. తీశారా? యేసు నజరేతుకు వచ్చాడు, వచ్చి ఏం చేశాడు? "తన వాడుక చొప్పున విశ్రాంతిదినమందు సమాజమందిరములోనికి వెళ్లి". చాలు, అక్కడ ఆగండి. వాడుక చొప్పున. ఆ మాట కింద ఒక గీత గీసుకోండి.

వాడుక అంటే ఏమిటి? పల్లెల్లో పెరిగినవాళ్ళకి ముందు పాల వాడుకే గుర్తొస్తుంది. మా అమ్మ మూడిళ్ళకి వాడుక పోసేది. ఒకే ఒక్క గేదె. నాకు ఏడెనిమిదేళ్ళప్పుడు ఒకసారి తుఫాను పట్టింది. వీధిలో మోకాలి లోతు నీళ్ళు. అమ్మ తల మీద గోనెసంచి కప్పుకుని, పాలచెంబు మీద ఇంకో చెంబు బోర్లించి బయలుదేరింది. నాన్న, "ఇవాళ ఒక్కరోజు మానితే ఏమవుతుందే?" అన్నాడు. "ఆళ్ళింట్లో పసిబిడ్డ ఉందయ్యా" అంది. అంతే, ఇంకో మాట లేదు, వెళ్ళిపోయింది. వాడుక అంటే అదీ. మనకు మనసైనప్పుడు పోసేది వాడుక కాదు. అవతల ఒకళ్ళు మన కోసం ఎదురు చూస్తున్నారని తెలిసి పోసేది వాడుక.

ఇప్పుడు ఆలోచించండి. యేసు ప్రభువు సమాజమందిరానికి ఎందుకు వెళ్ళాలి? అక్కడ చదివే యెషయా గ్రంథం ఎవరి గురించి రాశారు? ఆయన గురించే కదా. అయినా వారం వారం వెళ్ళి కూర్చున్నాడు. పోనీ అదేమన్నా గొప్ప సంఘమా? అదే అధ్యాయం ఇంకాస్త కిందికి, 29వ వచనం చూడండి. ఆయన్ని ఊరి బయటికి తోసుకుపోయి, కొండ కొమ్మున పడదోయాలని చూసినవాళ్ళు ఎవరు? ఆ మందిరంలో ఆయన పక్కన కూర్చున్నవాళ్ళే! మన వాళ్ళలో కొంతమంది అంటుంటారు, "అన్నా, ఆ సంఘంలో మనుషులు సరిగ్గా లేరు, అందుకే మానేశాను" అని. నేను వాళ్ళని తప్పుపట్టడానికి రాలేదు. కొంతమందికి నిజంగానే గాయాలయ్యాయి, అది నాకు తెలుసు. కానీ ఆ మందిరంలో ఉన్నది ఎలాంటి మనుషులో యేసుకి తెలియదా? తెలిసీ వెళ్ళాడు. అక్కడ చదివే వాక్యం తండ్రిది కాబట్టి వెళ్ళాడు.

ఇంకో చోట కూడా ఇదే మాట ఉంది. లూకా 22వ అధ్యాయం, 39వ వచనం. సిలువకు ముందు రాత్రి. "తన వాడుక చొప్పున ఒలీవల కొండకు వెళ్లగా". చూశారా? మళ్ళీ వాడుక చొప్పున! ఆ కొండ దగ్గరి గెత్సేమనే తోటలో చేసిన ప్రార్థన అనగానే అది ఒక్క రాత్రి జరిగిన పెద్ద పోరాటం అనుకుంటాం. పోరాటమే. చెమట రక్తబిందువుల్లా పడింది. కానీ ఆ చోటు ఆయనకి కొత్త కాదు. యోహాను 18వ అధ్యాయంలో ఉంది, యేసు శిష్యులతో పలుమారు అక్కడికి వెళ్తూ ఉండేవాడు కాబట్టి, ఆయన్ని పట్టించిన యూదాకి కూడా ఆ స్థలం తెలుసు అని. అంటే యూదా ఊరంతా వెతకలేదు. ఈ వేళకి ఆయన ఎక్కడుంటాడో తెలుసు, నేరుగా అక్కడికే వచ్చాడు. తప్పించుకోవాలంటే ఆ ఒక్క రాత్రి వేరే చోటికి వెళ్తే సరిపోయేది. వెళ్ళలేదు.

అక్కడ ఏమని ప్రార్థన చేశాడు? "నా యిష్టముకాదు, నీ చిత్తమే సిద్ధించును గాక." మరి శిష్యులకి ప్రార్థన నేర్పినప్పుడు ఏం నేర్పాడు? మనం రోజూ చెప్పుకుంటాం కదా, మీరే చెప్పండి. అవును, "నీ చిత్తము పరలోకమందు నెరవేరుచున్నట్లు భూమియందును నెరవేరును గాక." శిష్యులకు నేర్పిన మాటే ఆ రాత్రి ఆయన నోట వచ్చింది. ఆ మాట కష్టకాలంలో కొత్తగా పుట్టలేదండీ. రోజూ నలిగిన దారిలోంచి వచ్చింది.

నాకు తెలిసిన పనిలోంచి చెప్తాను. బస్సు వెళ్తుంటే ఒక పిల్లవాడు బంతి వెనకాల పరిగెత్తుకుంటూ రోడ్డు మీదకి వచ్చాడనుకోండి. డ్రైవరు ఆలోచిస్తాడా? ఇప్పుడు బ్రేకు వెయ్యనా, వద్దా, ఎంత గట్టిగా వెయ్యను అని? అంత టైం ఎక్కడిది? కాలు ముందే వెళ్ళిపోతుంది. బస్సు ఆగాక గుండె కొట్టుకోవడం మొదలవుతుంది. ఆ కాలికి ఎవరు నేర్పారు? వేలసార్లు తొక్కిన బ్రేకు నేర్పింది. ఖాళీ రోడ్డు మీద, ఎవరూ అడ్డం రాని రోజుల్లో తొక్కిన బ్రేకు. ఆ రోజుల్లో, ఇప్పుడెందుకులే అని వదిలేసినవాడికి ఆ ఒక్క నిమిషంలో కాలు ఆడదు.

యౌవనస్థుల కూడికలో ఒక అబ్బాయి నన్ను అడిగాడు. మంచి ప్రశ్నే అడిగాడు. "అంకుల్, అలవాటుగా చేస్తే అందులో భక్తి ఏముంటుంది? మనసు లేకుండా మోకరిస్తే అది వేషధారణ కాదా?" దానికి నేను దానియేలుని చూపించాను. 6వ అధ్యాయం, 10వ వచనం. 30 రోజులు రాజుకి తప్ప ఇంకెవరికీ విన్నపం చేయకూడదని శాసనం వచ్చింది. చేస్తే సింహాల గుహ. దానియేలు ఏం చేశాడు? ప్రత్యేక ఉపవాస కూడిక పెట్టాడా? "యథాప్రకారముగా" అని ఉంది. రోజుకి మూడుసార్లు, అదే పైగది, యెరూషలేము వైపు అవే కిటికీలు. కిటికీ మూసుకుని మనసులో ప్రార్థన చేసుకుంటే ఎవరికి తెలుస్తుంది? మూయలేదు. సింహాల గుహ ముందు అతనికి కొత్త ధైర్యం కావాల్సిన అవసరం రాలేదు. నిన్న చేసిందే ఇవాళా చేశాడు. అయితే, నాయనా, నిన్న చేసింది ఏదీ లేకపోతే ఇవాళ ఏం చేస్తాడు?

మనసు రాని రోజు ఏం చేయాలి? మనసు రాలేదనే చెప్పాలి. ప్రభువా, ఇవాళ నాకు ప్రార్థించబుద్ధి కావడం లేదు, అయినా నీ ముందుకు వచ్చాను అనాలి. అది కూడా ప్రార్థనే. వాడుక పోసేవాళ్ళకి ఒళ్ళు బాగాలేని రోజులు ఉండవా?

అయితే ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. చెప్పకపోతే నేను మీకు సగమే చెప్పినవాణ్ణవుతాను. వాడుక ఉండి, విధేయత లేకపోవచ్చు. ఆమోసు ప్రవక్త కాలంలో ఆరాధన ఆగిపోయిందా? లేదు. పండుగలు ఉన్నాయి, బలులు ఉన్నాయి, పాటలు ఉన్నాయి, వాయిద్యాలు ఉన్నాయి. ఇంటికి వెళ్ళి బీదవాణ్ణి తొక్కుతున్నారు. దేవుడు ఏమన్నాడు? మీ పాటల ధ్వని నా దగ్గర్నుంచి తీసేయండి అన్నాడు. "నీళ్లు పారినట్లుగా న్యాయము జరుగనియ్యుడి" అన్నాడు. మన తెలుగులో ఎంత మంచి మాట ఉందో చూడండి. మా అబ్బాయి మాట వినడు అంటాం. చెవుడు అని అర్థమా? వాడికి చక్కగా వినిపిస్తుంది, చెయ్యడు అని అర్థం. మనకి వినడమూ చెయ్యడమూ ఒకటే మాట. సమూయేలు ప్రవక్త సౌలు రాజుతో అన్నదీ ఇదే, బలులు అర్పించడం కంటే మాట వినడం శ్రేష్ఠం అని. కాబట్టి రెండు ప్రశ్నలు మనల్ని మనం అడుగుకోవాలి. ఆదివారం వినడానికి వస్తున్నానా? సోమవారం విన్నానా?

మొదటి క్రైస్తవులు దీన్ని ఎలా పట్టుకున్నారో ఒక విషయం చెప్తాను, నాకు చాలా ఇష్టమైన విషయం. పేతురు మొదటి పత్రిక మొదట్లో పొంతు, బితూనియ అని ప్రాంతాల పేర్లు ఉంటాయి కదా. సుమారు క్రీ.శ. 112లో ఆ ప్రాంతానికి ప్లీనీ అనే రోమా అధికారి గవర్నరుగా ఉన్నాడు. క్రైస్తవులను పట్టుకుని విచారించాడు. సంఘంలో పరిచారికలుగా ఉన్న ఇద్దరు దాసీ స్త్రీలను హింసపెట్టి మరీ అడిగాడు. తను తెలుసుకున్నదంతా చక్రవర్తి ట్రాజన్‌కి ఉత్తరం రాశాడు. ఆ ఉత్తరం ఇప్పటికీ ఉంది. రాసినవాడు విశ్వాసి కాదు, మనకి శిక్ష వేసినవాడు. ఏం రాశాడు? వీళ్ళు ఒక నియమితమైన రోజున తెల్లవారకముందే కూడుకుంటారు, క్రీస్తును దేవుడిగా ఎంచి ఆయనకి కీర్తన పాడతారు, తర్వాత ఒట్టు పెట్టుకుంటారు అని. ఏమని ఒట్టు? దొంగతనం చేయం, దోపిడీ చేయం, వ్యభిచారం చేయం, ఇచ్చిన మాట తప్పం, మా దగ్గర దాచుకున్న సొమ్ము తిరిగి అడిగితే లేదనం.

ఆఖరిది మళ్ళీ వినండి. దాచుకున్న సొమ్ము అడిగితే లేదనం! తెల్లవారుజామున పాట పాడి, ఆ పాట నోట్లో ఉండగానే డబ్బు గురించి ఒట్టు. మనలో చీటీలు కట్టేవాళ్ళున్నారు, చీటీలు నడిపేవాళ్ళున్నారు. చేబదులు తీసుకున్నవాళ్ళున్నారు. నమ్మి మీ దగ్గర నగ పెట్టిన చెల్లెళ్ళున్నారు. ఆరాధన అయ్యాక చెప్పులు వేసుకునేటప్పుడు ఎవరికి ఎంత బాకీ ఉన్నామో గుర్తు రావాలి. వాళ్ళకి వచ్చేది.

మన ఒంగోలులోనే చూడండి. ఆ కొండ మనకి రోజూ కనిపిస్తుంది కదా. 1854 జనవరి 1న తెల్లవారకముందే మిషనరీ లైమన్ జ్యూయెట్ దొరగారు, ఆయన భార్య, జూలియమ్మ, ఇంకా ఇద్దరు, మొత్తం ఐదుగురు ఆ కొండ ఎక్కి, ఈ ప్రాంతానికి ఒక సేవకుణ్ణి పంపమని ప్రార్థించారు. ఆ సేవకుడు, జాన్ క్లౌ దొరగారు, ఒంగోలు వచ్చింది 1866లో. లెక్క వేసుకోండి, 12 ఏళ్ళు. 1867 జనవరి 1న ఇక్కడ సంఘం కట్టినప్పుడు ఉన్నది ఎనిమిది మంది. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఈ అంకె మన పిల్లలకి కూడా వచ్చు. ప్రతి వార్షికోత్సవంలో చెప్పుకుంటాం.

కానీ తక్కువగా చెప్పుకునేది ఇంకోటి ఉంది. మన పెద్దలు విశ్వాసులైనప్పుడు వాళ్ళ మీద మొదట పడిన భారమైన నియమాల్లో ఒకటి ఆదివారం పని మానడం. ఇప్పుడు మనకి ఆదివారం అంటే సెలవు. వాళ్ళకి సెలవేమిటి? వాళ్ళు ఊరి పనికి కట్టుబడ్డవాళ్ళు. పిలిస్తే వెళ్ళాలి. వారంలో ఒక రోజు, అయ్యా, ఇవాళ రాము, ఇవాళ మా దేవుడి దినం అని చెప్పడం అంటే ఏమిటో ఊహించండి. కూలి పోయింది, తిట్లు పడ్డాయి, కొన్ని ఊళ్ళల్లో దెబ్బలు కూడా పడ్డాయి. అది చదువుకున్నవాళ్ళు పెట్టుకున్న ఆచారం కాదు. తమ రోజు మీద తమకే హక్కు లేని మనుషులు, ఏడింటిలో ఒక రోజు దేవునిది అని నిలబడ్డారు. వాళ్ళ మనవలం మనం. ఆదివారం పొద్దున తొమ్మిదిన్నరకి, ఇంకా నిద్ర తీరలేదు, వచ్చే వారం చూద్దాంలే అంటున్నాం. నేను కోపంగా చెప్పడం లేదమ్మా, బాధగా చెప్తున్నాను.

ఇప్పుడు నా సొంత విషయం ఒకటి. ఇది చెప్పాలా వద్దా అని మూడు రోజులు ఆలోచించాను. మా తమ్ముణ్ణి అడిగాను, చెప్పన్నయ్యా అన్నాడు, అందుకే చెప్తున్నాను.

నాన్న పోయాక పొలం పంచుకున్నాం. గట్టు మీద ఒక తుమ్మచెట్టు ఉండేది, పెద్దది. నేను దాన్ని కొట్టించి కట్టెల అడితికి అమ్మాను. నాలుగు వేలు వచ్చాయి. తమ్ముడు అడిగాడు, అన్నయ్యా, చెట్టు ఇద్దరిదీ కదా అని. గట్టు నా వైపుకే ఉంది పో అన్నాను. మాటలు లేవు. నెల తిరిగింది. మొదటి ఆదివారం, ప్రభువు బల్ల, అంటే రొట్టె, ద్రాక్షరసం తీసుకునే రోజు. అయ్యగారు ఎప్పటిలాగే చదివారు, ప్రతి మనుష్యుడు తన్ను తాను పరీక్షించుకొనవలెను అని. రొట్టె పళ్ళెం వరుసలో వస్తోంది. నా దగ్గరికి వచ్చింది. నా చెయ్యి లేవలేదు. పక్కాయనకి అందించాను. ఎవరూ చూడలేదు, మా ఆవిడ చూసింది. ఇంటికొచ్చాక ఏమీ అడగలేదు.

రెండో నెల అదే. మూడో నెల డ్యూటీ వేయించుకున్నాను, కావాలనే, ఆ ఆదివారం తప్పించుకోవడానికి. తప్పించుకున్నానా? కందుకూరు నుంచి వస్తూ ఉన్నాను, టైం పదకొండు దాటింది, ఇప్పుడు పళ్ళెం మా వరుసకి వచ్చి ఉంటుంది అనుకున్నాను. స్టీరింగు పట్టుకుని అదే ఆలోచన. మత్తయి 5వ అధ్యాయంలో ప్రభువు ఏమన్నాడు? నీకు నీ సహోదరుడి మీద కోపం ఉంటే అనలేదు. నీ సహోదరుడికి నీ మీద విరోధం ఏమైనా ఉందని జ్ఞాపకం వస్తే, ముందు వెళ్ళి అతనితో సమాధానపడు అన్నాడు. నేను ఇన్నాళ్ళూ నాకు వాడి మీద కోపం లేదు అని సమాధానం చెప్పుకుంటున్నాను. వాడికి నా మీద ఉంది. ఉండటానికి కారణమూ ఉంది.

నాలుగో నెల మొదటి ఆదివారానికి ముందు శనివారం రాత్రి, రెండు వేలు జేబులో పెట్టుకుని ఆఖరి బస్సుకి ఊరు వెళ్ళాను. తమ్ముడు అన్నం తింటున్నాడు. నన్ను చూసి లేవలేదు. మరదలు మాత్రం, "కాళ్ళు కడుక్కోండి బావగారూ" అని చెంబు ఇచ్చింది, ఇంకో కంచం పెట్టింది. డబ్బులు కంచం పక్కన పెట్టి, తప్పు నాదిరా అన్నాను. వాడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "పప్పు వెయ్యవే అన్నయ్యకి" అన్నాడు.

ఇది ఎందుకు చెప్పానంటే, నేను మంచివాణ్ణయి వెళ్ళలేదు. బల్ల నెలనెలా వచ్చింది కాబట్టి వెళ్ళాను. అది ఏ మూడేళ్ళకో ఒకసారి వచ్చేదైతే నేను చెట్టునీ మర్చిపోయేవాణ్ణి, తమ్ముణ్ణీ మర్చిపోయేవాణ్ణి. నాలుగు వేలు ఎప్పుడో ఖర్చయిపోయాయి కదా. వాడుక నన్ను మర్చిపోనివ్వలేదు.

సరే, ఇంటి సంగతికి వద్దాం. కుటుంబ ప్రార్థన. ఎవరింట్లో జరుగుతోందో చేతులెత్తమని అడగను, భయపడకండి. పెద్దగా చేయాలనుకుంటేనే ఆగిపోతుంది. గంటసేపు ప్రార్థన అని మొదలుపెడతారు, నాలుగో రోజుకి పిల్లలు నిద్రపోతారు, ఐదో రోజుకి పెద్దవాళ్ళు మానేస్తారు. ఒక పాట, ఒక పదిహేను వచనాలు, పిల్లల చేత చదివించండి, తడబడితే తడబడనివ్వండి. ఇంట్లో ఒకళ్ళ పేరు, బయట ఒకళ్ళ పేరు ఎత్తి ప్రార్థన. పది నిమిషాలు. ఫోన్లు ఆ పది నిమిషాలు టీవీ మీద పెట్టండి, పెద్దవాళ్ళవి ముందు.

డ్యూటీల వాళ్ళు అడుగుతారు, మాకు ఒక టైం అంటూ ఉండదు కదా అని. నర్సులున్నారు, సెక్యూరిటీ వాళ్ళున్నారు, హైదరాబాదులో రాత్రిళ్ళు పనిచేసే మన పిల్లలున్నారు. నాకు తెలుసమ్మా, నా డ్యూటీ చార్టులో ఆదివారాలు చాలా ఉండేవి. పొద్దున ఆరాధన పోతే సాయంత్రం కూడికకి వెళ్ళేవాణ్ణి. నైట్ హాల్ట్ ఉన్న రోజు పల్లెటూళ్ళో బస్సులోనే పడుకోవాలి. అప్పుడు టైం పట్టుకోలేదు నేను, పని పట్టుకున్నాను. పొద్దున ఫస్ట్ బస్సు తీసేముందు టైర్లు చూస్తాం, ఆయిల్ చూస్తాం, రేడియేటర్‌లో నీళ్ళు చూస్తాం. ఇవి అవ్వగానే సీట్లో కూర్చుని, తాళం తిప్పకముందు, పరలోక ప్రార్థన. కండక్టరు వేరే మతం ఆయన, రెండు నిమిషాలు ఆగి రైట్ కొట్టేవాడు. గంట మారినా పని మారదు కదా. మీ పనిలో రోజూ చేసేది ఏదో ఒకటి ఉంటుంది, దానికి ముడివేసుకోండి.

ఆఖరిగా కానుక గురించి ఒక్క మాట. పౌలు కొరింథీయులకు ఏమని రాశాడు? "ప్రతి ఆదివారమున" మీలో ప్రతివాడూ కొంత సొమ్ము నిలవచేయాలి అన్నాడు. నేను వచ్చినప్పుడు పోగుచేయొద్దు, ముందే వారం వారం తీసిపెట్టండి అన్నాడు. మన తల్లులు దీన్ని డబ్బుతో కాదు, పిడికెడు బియ్యంతో చేశారు. మా అమ్మ దగ్గర ఒక మట్టి ముంత ఉండేది. మాకు రెండు పూటలా అన్నం లేని రోజులవి. గిద్దతో కొలిచి చేటలో పోసేది, పోశాక అందులోంచే ఒక పిడికెడు తీసి ముంతలో వేసేది. శనివారానికి ముంత మెడ దాకా వచ్చేది. ఆదివారం కొంగున కట్టుకుని గుడికి తెచ్చేది. ఆమె పెట్టిన అలవాటు మా ఆవిడకి వచ్చింది. మా ఆవిడ ప్రభువు దగ్గరికి వెళ్ళి నాలుగేళ్ళయింది.

పోయిన నెల హైదరాబాదులో మా అబ్బాయి ఇంటికి వెళ్ళాను. కోడలికి ఆఫీసు టైం అవుతోంది, ఎలక్ట్రిక్ కుక్కర్‌లో బియ్యం పోస్తోంది. దానితో వచ్చిన చిన్న గ్లాసు ఉంటుంది కదా, దానితో మూడు కొలిచింది. కొలిచాక, అందులోంచి ఒక పిడికెడు తీసి పక్కన పాత హార్లిక్స్ సీసాలో వేసింది. నేను అడిగాను, "అదేంటమ్మా, కొలిచాక తీస్తే మనకి తక్కువవుతుంది కదా, సంచిలోంచి విడిగా తీయొచ్చుగా?" అని. చెయ్యి తుడుచుకుంటూ నా వైపు చూసింది. "అత్తయ్యగారు ఇలాగే తీసేవారు కదా మామయ్యగారూ" అంది.